సరళీ వరుసల దారి

కర్ణాటక సంగీత గాయకులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 1930లో మన కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. నాన్న పట్టాభిరామయ్య సంగీతజ్ఞులు. అమ్మ సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు. బిడ్డ పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఆ తల్లి కన్నుమూశారు.

త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర ఆయన సంగీతం నేర్చుకున్నారు. కర్ణాటక సంగీతంలో ఎంతటివారికైనా మొదటి మెట్టు మాయామాళవగౌళలో సరళీ వరుసలే. అవే ఏడు స్వరాలు, మూడు కాలాల్లో, గొంతు దారికొచ్చేదాకా పాడాలి. ఆపైన జంట వరుసలు, అలంకారాలు, గీతాలు. వినే ఇంట్లోవాళ్లకు విసుగు పుట్టినా పుట్టవచ్చు. కానీ స్వరస్థానం గొంతులో స్థిరపడేది అక్కడే. ఇక దాన్ని వెతుక్కునే పని ఉండదు, మనసు రాగం మీదికి పోతుంది.

బాలమురళి గారు యౌవనంలోనే మిగతా రాగాలకు మూలమైన 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రచించారు. గాయకులు అరుదుగా ముట్టుకునే వివాది మేళాలనూ వదల్లేదు. ఆయన చేసిన వాటన్నిటిలో నాకు ఇదే గొప్పగా తోస్తుంది. మేళాలన్నీ అలా గొంతులో నింపుకున్న మనిషే లవంగి, మహతి రాగాలను కల్పించారు. ఒక్కోదానిలో నాలుగంటే నాలుగు స్వరాలు! రాగానికి కనీసం ఐదుండాలన్న సంప్రదాయాన్ని దాటారని విమర్శలొచ్చాయి. ఆయన వాటిని కచేరీల్లో పాడి వినిపించారు. 1975లో వచ్చిన తమిళ చిత్రం ‘అపూర్వ రాగంగళ్’లో ఎం.ఎస్. విశ్వనాథన్ ఆ మహతిలోనే ఒక పాటకు బాణీ కట్టారు. ఏసుదాస్ పాడారు.