కేడెట్ల దగ్గరికి వెళ్తున్న అమ్మాయికి

తల్లీ,

లండన్‌లో పోలీసు కేడెట్లకు వాలంటీరు లీడరుగా చేరడానికి దరఖాస్తు పెట్టావట. "ఆఫీసు పని చాలదా, పోలీసులతో దీనికేం పని?" అని మీ నాన్న గొణుగుతున్నాడు. నాకైతే సంతోషంగా ఉంది. బడిపిల్లల మధ్యే జుట్టు నెరిసినవాణ్ణి కనుక నాలుగు మాటలు చెప్పబుద్ధవుతోంది.

అక్కడి వాలంటీర్ పోలీస్ కేడెట్లు చిన్న సైజు పోలీసులేం కారు. 13 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలు. అరెస్టు చేసే అధికారం లేదు, రేపు పోలీసుల్లో చేరాలన్న షరతూ లేదు. చెడు సావాసాల వైపు జారిపోయే ప్రమాదమున్న పిల్లలకు నాలుగో వంతు చోటు దక్కాలన్నది ఆ పథకం ఆశయం. నీ చూపు అక్కడ పెట్టు. డ్రిల్లులో అడుగు తప్పని పిల్ల ఎలాగూ నీకు నచ్చుతుంది. క్లాసు ఫస్టు వాళ్లంటే మనకు మోజు కదా! ఆలస్యంగా వచ్చి వెనక వరసలో నక్కే కుర్రాణ్ణి ఎందుకు ఆలస్యమైందని నిలదీసే ముందు, వచ్చినందుకు పలకరించు.

18 ఏళ్లు నిండనివాళ్లకు కత్తులు అమ్మడం అక్కడ నేరం. దుకాణాలవాళ్లు పాటిస్తున్నారో లేదో చూడటానికి ఒక్కోసారి కేడెట్లనే కొనడానికి పంపుతారు. పిల్లలకు అదో సరదా. వెళ్లనన్న పిల్లను బలవంతపెట్టకు. అమ్మి దొరికిపోయిన దుకాణదారుణ్ణి చూసి నవ్వనివ్వకు. అతనూ ఆ పేటవాడే.

అసలు కష్టం వేరే ఉంది. ఏదో ఒక సాయంత్రం ఒక పిల్ల నీ పక్కకు చేరి, "ఎవరికీ చెప్పనంటేనే చెప్తా" అంటుంది. ఆ మాట మాత్రం ఇవ్వకు. ఇంటిగుట్టు, పరువు అంటూ పెరిగిన మనకు నోరు కట్టేసుకోవడమే మర్యాద అనిపిస్తుంది. అక్కడ అది పనికిరాదు. "నీకు ప్రమాదమనిపిస్తే చెప్పాల్సినవాళ్లకు చెప్తాను, ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తాను" అను. చెప్పినంతా విను. గుచ్చి గుచ్చి అడగకు, నీ మాటలు ఆ పిల్ల నోట పెట్టకు. తన మాటల్లోనే రాసుకుని, పిల్లల రక్షణ చూసే బాధ్యుల చేతికి ఆ రోజే అందించు.

ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా కూర్చోకు, సొంత ఫోన్‌లో వాట్సాప్ కబుర్లు వద్దు. చేరేముందు డీబీఎస్ తనిఖీ అంటూ నీకు నేరచరిత్ర ఏమైనా ఉందేమో వెతుకుతారు. ఆలస్యమైనా విసుక్కోకు, నామోషీ పడకు. మన పిల్లల్ని ఒకరి చేతిలో పెట్టేటప్పుడు మనమూ అంతే కోరుకుంటాం.

రెండు నెలలు ఉత్సాహంగా వెళ్లి, సంక్రాంతికి ఊరొచ్చాక మానేసేటట్టుంటే ఇప్పుడే వద్దనుకో. మధ్యలో వదిలేసి వెళ్లిన పెద్దల్ని ఇప్పటికే చూసిన పిల్లలు వాళ్లలో ఉంటారు. సెలవు పెడితే, మళ్లీ ఏ వారం వస్తావో వాళ్లకు ముందే చెప్పి వెళ్లు.

మీ నాన్న సంగతి నాకొదిలెయ్. కాలేజీలో ఎన్‌సీసీ బూట్లకు పాలిష్ పెట్టుకుంటూ రెండు పూటలా అన్నం మరిచిపోయినవాడు వాడు.

– మీ పెదనాన్న