వెళ్ళివచ్చెదనను మాట

కాకినాడ

చిరంజీవిని మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.  

మొన్న వేసవిలో మా యింటినుండి బయలుదేరుచు, గడపయొద్ద నిలిచి నీవు "తాతయ్యా, నేను పోతున్నాను" అన్నప్పుడు నీ యీడు పిల్లలు పకపక నవ్విరనియు, ఆ నవ్వు డల్లాసు చేరువరకు నీ చెవులలో మ్రోగుచునే యుండెననియు, ఇకమీదట తెలుగు మాట్లాడనే కూడదని నిశ్చయించుకొంటివనియు నీవు ఆంగ్లమున వ్రాసిన యుత్తరమును రెండుమారులు చదివితిని. తల్లీ, ఆ నవ్వు వారి తప్పు; ఆ క్షణముననే వారిని మందలింపక మిన్నకుంటిని, అది నా తప్పు. పరభాష నడుమ పెరుగుచు ఇంటిభాషను నోట నిలుపుకొన యత్నించు బిడ్డ తొట్రుపాటును చూచి నవ్వుట, నడక నేర్చు పసిబిడ్డను పడద్రోయుటతో సమానము.

అయినను వారు నవ్విన కారణమును నీవు తెలిసికొనవలయును. 'పోవుట' యను మాటకు మరణించుట యను అర్థమును కలదు గనుక, గడప దాటువారు "వెళ్ళివస్తాను" అని, వెళ్ళుటలోనే తిరిగి వచ్చుటను చేర్చి పలుకుట మన యిండ్లలో మర్యాద. బియ్యము అయిపోయినప్పుడు మీ నాయనమ్మ "నిండుకొన్నవి" అనును. దీపము ఆరినప్పుడు "కొండెక్కినది" అనును. కష్టమును, లేమిని నోట పలుకవలసి వచ్చినప్పుడు సైతము శుభమునే తలంచు స్వభావము ఆ మాటలలో దాగియున్నది. ఆంగ్లమున ఒక్క పదముతో సరిపుచ్చు బంధువు మనకు పెదనాన్న, బాబాయి, మేనమామ యని వేరువేరుగ నిలుచును. ఎవరియొద్ద ఎంత చనవు, ఎవరియెడ ఎంత గౌరవము చూపవలయునో ఆ పిలుపే నేర్పును. పండుగనాడు నీవు పట్టుపరికిణీ కట్టి కూచిపూడి నాట్యమాడిన చిత్రములను చూచి మేము మురిసిపోతిమి. ఆ విద్యను విడువకుము. కాని యేటికి రెండుమారులు వేదికనెక్కు సంస్కృతికంటె, దినమునకు పదిమారులు నోటికి వచ్చు ఇట్టి పలుకులలోని సంస్కృతి లోతైనదని నా దృఢవిశ్వాసము.

ఇక్కడ పుట్టినవారికి ఇది అప్రయత్నముగ అబ్బుననియు, దూరమున పుట్టిన నీకు అందదనియు తలంపకుము. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో ఆంగ్లదంపతులకు జన్మించినవాడు. ఉద్యోగరీత్యా 1820లో కడపకు వచ్చి, పండితులను చేరదీసి, వ్రాతప్రతులను సేకరించి, 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించి, 1852లో తెలుగు ఆంగ్ల నిఘంటువును వెలువరించెను. తల్లి యొడిలో ఎన్నడును వినని భాష ఆయనకు వశమైనదన్నచో, తెలియనిదానిని అడుగుటకు సిగ్గుపడకపోవుటయే దానికి మూలకారణమని నేననుకొందును.

దూరదేశమున మన భాషను మరల కూడబెట్టుకొన్నవారి కథయు వినుము. మా యూరికి సమీపముననే కోరంగి యను పాత రేవున్నది. 19వ శతాబ్దమున ఈ తీరమునుండి ఓడలెక్కి మారిషసు చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగ తరలిన తెలుగువారిని ఆ దీవిలో కోరంగివారనియే పిలిచిరి. వెళ్ళివచ్చెదమని ఇంటివారితో చెప్పియే యుందురు గదా. వారిలో అనేకులు తిరిగి రాలేదు. వారి సంతతి యిండ్లలో క్రమముగ క్రియోలు వాడుకభాష యయ్యెను. అయినను వారు శ్రీరామభజనను విడువలేదు. 1946లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. పిల్లలకు బడులలో తెలుగు చెప్పించుకొనుచున్నారు. ఉగాది నేడు ఆ దేశమున సెలవుదినము. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. ఇంట జారిపోయిన మాటను బడిలో మరల కూడబెట్టుకొనుట ఎంత శ్రమయో, ఆ శ్రమకు ఎంతటి ఫలమున్నదో వారి చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది. నీ యింట ఆ మాట ఇంకను జారిపోలేదు. మీ యమ్మ వంటయింట అది ప్రతిదినము వినబడుచునే యున్నది. ఆ భాగ్యమును గుర్తింపుము.

కనుక నేను చెప్పునది స్వల్పమే. ఆదివారపు తెలుగు బడిని మానకుము. గుణింతములు, ఒత్తులు చేతికి వచ్చువరకు వ్రాయుము. దినమునకు ఒక్క మాటయైనను అమ్మ నడిగి, దానిని ఎప్పుడు అనవలయునో, ఎప్పుడు అనరాదో తెలిసికొనుము. వారమునకొకసారి నాయనమ్మకు ఫోను చేసి, గోంగూర పచ్చడి ఎట్లు చేయుదువని యడిగి, ఆమె చెప్పినది చెప్పినట్లు ఆమె మాటలలోనే వ్రాసికొనుము. నీవు పుట్టిన దేశమును గాని, దాని భాషను గాని ఇందుకై తక్కువ చేయవలదు. ఒక తల్లిని గౌరవించుటకు మరియొక తల్లిని నిందింప బనిలేదు.

నీ తరువాతి యుత్తరమును తెలుగున వ్రాయుము. నాలుగు పంక్తులైనను చాలును. తప్పులుండిన నుండనిమ్ము, నవ్వువారెవ్వరును ఆ యుత్తరమును చూడరు, నేను చదివి దాచుకొందును. చివర మాత్రము "వెళ్ళివస్తాను, తాతయ్యా" అని వ్రాయుము.

ఇట్లు,
నీ మేలుకోరు తాతయ్య