బేత్లెహేము బావి నీళ్లు

వాక్యభాగము: 2 సమూయేలు 23:13-17



అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మన సంఘపు యౌవనుడొకడు గత క్రిస్మసుకు ఇంటికి వచ్చి, ఆరాధన ముగిసిన పిమ్మట మమ్మును ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, చనిపోయినవారి పేరట కసరత్తు చేయవచ్చునా?" అని అడిగెను. ప్రశ్న మాకు వెంటనే అర్థము కాలేదు. అతడు చెప్పిన సంగతి యిది.

ఆ దేశములో మే నెల కడపటి సోమవారమున, యుద్ధములలో మరణించిన సైనికులను జ్ఞాపకము చేసికొందురు. ఆ దినమున అనేక వ్యాయామశాలలలో స్త్రీ పురుషులు గుంపుగా కూడి 'మర్ఫ్' అను కసరత్తు చేయుదురు. ఒక మైలు పరుగు, కమ్మి పట్టుకొని దేహమును పైకి లాగుట 100 మారులు, దండీలు 200, బస్కీలు 300, మరల ఒక మైలు పరుగు. శక్తిగలవారు 20 పౌనుల బరువుగల కవచము తొడిగి చేయుదురు. మైకేల్ మర్ఫీ అను నౌకాదళపు అధికారి తాను బ్రదికియున్నప్పుడు చేసిన కసరత్తే యిది. చనిపోయిన పిమ్మట అతని పేరు దానికి పెట్టిరి. 2005 జూన్ 28న ఆఫ్ఘనిస్తానులోని కునార్ కొండలలో అతడును మరి ముగ్గురును శత్రువుల మధ్య చిక్కుకొనిరి. సహాయము కొరకు కబురు అందలేదు. అతడు చాటు విడిచి బయలుస్థలమునకు వచ్చి ఫోను చేసెను. వీపున తూటా తగిలినను మాట ముగించెను. అతనికి 29 ఏండ్లు. నలుగురిలో ముగ్గురు చనిపోయిరి. సహాయమునకు వచ్చిన హెలికాప్టరు కూల్చబడి అందులోని 16 మందియు మరణించిరి.

"గంటసేపు చేసితిని అయ్యగారూ" అని మన యౌవనుడు చెప్పెను. "కండ్లు గడియారముమీదనే. ప్రక్కవానిని దాటవలెనని మనస్సు. ముగిసిన వెంటనే ఎంతసేపు పట్టినదో ఫొటోతో అందరికి పంపితిని. చనిపోయినవాడు ఒక్కమారైనను జ్ఞప్తికి రాలేదని రాత్రి తెలిసికొంటిని."

అతనిని నిందించుటకు మాకు నోరు రాలేదు. మన ఊళ్ల జ్ఞాపకార్థ కూడికలు మనకు తెలియనివా? ఫ్లెక్సీమీద చనిపోయిన తల్లి బొమ్మ చిన్నది, కుమారుల బొమ్మలు పెద్దవి. భోజనములైన తరువాత దారిలో చెప్పుకొనునది వేటమాంసము సంగతే గాని ఆ తల్లి సంగతి గాదు.

అయితే ఆ కసరత్తు వ్యర్థమని మేము చెప్పము. దేహ సాధన వలన ప్రయోజనము కొద్దిదని పౌలు తిమోతికి వ్రాసెను; కొద్దిది అనెనే గాని శూన్యమనలేదు. మనుష్యుడు తలంపుతో మాత్రమే జ్ఞాపకముంచుకొనువాడు కాడు. ప్రభువు తన మరణమును జ్ఞాపకము చేసికొనుటకు మనకొక సిద్ధాంతమిచ్చి పోలేదు. తినుటకు రొట్టె, త్రాగుటకు పాత్ర యిచ్చెను. యెఫ్తా కుమార్తె కొరకు ఇశ్రాయేలు కన్యలు ఏటేట నాలుగు దినములు దుఃఖించుచుండిరి. మోకాళ్లు వణకువరకు బరువు మోసినవానికి, అట్టి బరువుతో కొండ యెక్కినవాని కష్టము కొంత తెలియును. కూర్చుండి ప్రసంగము విన్నవానికి అది తెలియదు, మా ప్రసంగమైనను సరే.

చిక్కు వేరొకచోట నున్నది. దావీదు దప్పిగొని బేత్లెహేము గవినియొద్ద నున్న బావి నీళ్లు కోరగా, ముగ్గురు శూరులు ఫిలిష్తీయుల దండును చీల్చుకొనిపోయి తెచ్చిరి. దావీదు త్రాగలేదు. అవి ప్రాణమునకు తెగించినవారి రక్తమని యెంచి, యెహోవా సన్నిధిని పారబోసెను. నీళ్లు చెడినవి కావు, దప్పి అబద్ధము కాదు. అయినను మరియొకరి ప్రాణమును ఒడ్డి తెచ్చినదానిని తన దప్పికి వాడుకొనలేదు. మర్ఫీ పేరట కార్చిన చెమట అట్లు పారబోసిన నీరైనచో మంచిదే. దానిని మెప్పుగా మార్చి మరల మనమే త్రాగినచో, ఉపవాసముండి ముఖము వికారము చేసికొనువారిని గూర్చి ప్రభువు చెప్పినట్లు, ఫలము అప్పుడే ముట్టినది.

మరియొక మాట కూడ అతనితో చెప్పితిమి. ఆ నలుగురిలో మిగిలిన ఒక్కనిని కాపాడినవాడు మొహమ్మద్ గులాబ్ అను పష్తూను గ్రామస్థుడు. గాయపడిన పరదేశిని ఇంట చేర్చుకొని, తాలిబానులకు అప్పగింపలేదు. ఆ దినమున ఇతని పేరును తలంతురా యని అడిగితిమి. తానెన్నడును వినలేదనెను. సమరయుని కథ బాల్యమునుండి చదువుకొన్న మనము ఇతనిని మరచుట మాకు సరిగా తోచలేదు.

ఈ మే నెలలో అతడు కబురు వ్రాసెను. గడియారము ఇంటనే విడిచి వెళ్లెనట. దండీలు 140 వద్ద చేతులు ఆగిపోయినవట. ఇంటికి వచ్చి తన చిన్న కుమారుని కూర్చుండబెట్టి మర్ఫీ సంగతియు గులాబు సంగతియు చెప్పెనట. ఎంతసేపు పట్టినదో వ్రాయలేదు, మేమును అడుగలేదు.