అవసరానికీ పంతానికీ మధ్య ఒక అడవి

చంపడం ఎప్పుడైనా ధమ్మానికి సమ్మతమవుతుందా? బౌద్ధులమైన మనల్ని ఇతరులు తరచూ అడిగే ప్రశ్న ఇది. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ అంబేద్కర్ దీనికి సూటిగా జవాబు చెప్పారు. తథాగతుడు అహింసను కరడుగట్టిన నియమంగా విధించలేదని, నడవడికి దారి చూపే సూత్రంగా బోధించాడని వివరించారు. చంపవలసిన అవసరం వేరు, చంపాలన్న కోరిక వేరు అన్నారు. ఈ భేదాన్ని ఆసరా చేసుకొని, అవసరమైన యుద్ధంలో ఏం చేసినా చెల్లుతుందని వాదించేవారు మనలోనూ ఉన్నారు. ఆ వాదం నిలుస్తుందేమో ఒక యుద్ధరంగంలో పరీక్షించి చూద్దాం.

నాజీలపై యుద్ధం అవసరమైనదే. బాబాసాహెబ్ కూడా నాజీలను ఓడించాలనే పక్షానే నిలిచారు. ఆ యుద్ధంలోనే, 1944 సెప్టెంబరులో, ఆఖెన్ నగరానికి ఆగ్నేయాన ఉన్న హ్యూర్ట్‌గెన్ అడవిలోకి అమెరికా సైన్యం ప్రవేశించింది. రైన్ నది వైపు సాగే తమ సేనలపై పక్కనుంచి దాడి జరగకుండా చూడటం మొదటి ఉద్దేశం. దట్టమైన ఆ అడవిలో విమానాలు, ట్యాంకులు పెద్దగా అక్కరకు రాలేదు. ఫిరంగి గుండ్లు చెట్ల కొమ్మల్లోనే పేలి, ఇనుప ముక్కలు, కర్రపేళ్లు పైనుంచి వానలా కురిశాయి. నేలకు కరుచుకుంటే బతుకుతామని నేర్చుకున్న సైనికులకు అలా పడుకోవడమే ప్రాణాంతకమైంది.

నవంబరు 2న 28వ పదాతి డివిజన్ దాడి మొదలుపెట్టింది. మర్నాడు ష్మిట్ గ్రామాన్ని పట్టుకుంది, ఆ మర్నాడే పోగొట్టుకుంది. కొద్ది రోజుల్లో ఆ ఒక్క డివిజన్ నష్టమే 6 వేలు దాటింది. అది నలిగిపోతే మరో డివిజన్‌ను పంపారు. చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు, జబ్బుపడినవారు కలిపి అమెరికన్ల నష్టం సుమారు 33 వేలని అంచనా. జర్మన్లూ వేలల్లోనే నష్టపోయారు.

నిజానికి అక్కడ కీలకమైనవి రూర్ నది ఆనకట్టలు. వాటి నీళ్లు వదిలితే దిగువన నది దాటడం అసాధ్యం. సేనాధిపతులు ఆ సంగతిని చాలా ఆలస్యంగా పట్టించుకున్నారు. 1945 ఫిబ్రవరిలో ప్రధాన ఆనకట్ట చేజిక్కేసరికే జర్మన్లు తూములు పాడుచేసి నీళ్లు వదిలేశారు. నది దాటడానికి మరో రెండు వారాలు ఆగవలసి వచ్చింది.

ఈ సేనాధిపతులకు చంపాలన్న కోరిక ఉందని మనం అనలేం. అయితే ప్రతి దాడికీ అవసరం ఉందని కూడా అనలేం. ఈ రెండింటి మధ్య మూడోది ఒకటుంది. ధమ్మం దాన్ని ఉపాదానం అంటుంది: పట్టినదాన్ని వదలలేకపోవడం. ఇంతమందిని పోగొట్టుకున్నాక వెనక్కి ఎలా వస్తామన్న పంతం, పోయినవారి పేరిట ఉన్నవారిని కూడా బలి అడుగుతుంది.

పోరు మధ్యలో ఆగి ఆలోచించే తీరిక ఎక్కడిదని కొందరు అడుగుతారు. ఆ అడవిలోనే దానికి జవాబు ఉంది. జర్మన్ వైద్యుడు గ్యుంటర్ ష్ట్యుట్‌గెన్ కాల్ నది వంతెన దగ్గర అమెరికన్లతో మాట్లాడి, నవంబరు 7 నుంచి 12 వరకు పలుమార్లు కాల్పులు ఆపించాడు. ఇరుపక్షాల క్షతగాత్రులకూ చికిత్స అందింది. 12వ తేదీనే జర్మన్ లెఫ్టినెంట్ ఫ్రీడ్రిష్ లెంగ్‌ఫెల్డ్, మందుపాతరల మధ్య గాయపడి అరుస్తున్న అమెరికన్ సైనికుణ్ణి కాపాడబోయి, మందుపాతర పేలి మరణించాడు. 1994లో అతనికి స్మారకం నిలిపింది అమెరికన్ మాజీ సైనికులే. ఈ ఇద్దరి కరుణ హిట్లర్ సైన్యపు పాపాన్ని కడగదు. కానీ గుండ్ల మధ్య కూడా మనిషి ఆగగలడని రుజువు చేసింది.

రోహిణీ నది నీళ్ల తగాదాలో కోలీయులపై యుద్ధం చేద్దామని శాక్యసంఘం సిద్ధమైనప్పుడు, ముందు ఇరుపక్షాల తప్పూ విచారించమని సిద్ధార్థుడు కోరినట్లు బాబాసాహెబ్ రాశారు. సంఘంలో ఆయన ఓడిపోయాడు, ఇల్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. అయినా ఆ ప్రశ్నను వదులుకోలేదు. యుద్ధం మొదలుకాకముందు ఆయన అడిగిన ఆ ప్రశ్ననే, అది అవసరమని తేలాక కూడా ప్రతి దాడికి ముందు మళ్లీ అడగాలి. మనుషులను ముందుకు పంపే స్థానంలో ఉన్న ఎవరికైనా, యుద్ధంలోనైనా ఉద్యమంలోనైనా, ధమ్మం విధించే కనీస బాధ్యత ఇదే.