పాడినవాడెవడు?

మూడు దశాబ్దములకు దగ్గరగా సినిమాలలో ప్రణయగీతములును విషాదగీతములును పాడిన కంఠమునకు గీతాచార్యుని వాక్కు పలుకు అధికారమెక్కడిదని యొకరు శంకింపవచ్చును. ఆ పాటల మాలిన్యమును చివరికి గీతయే కడిగివేసినదని మఱియొకరు సమాధానపడవచ్చును. ఈ రెండును నాకు సమ్మతములు కావు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారిని గీతకు సిద్ధపఱచినది ఆ సినిమాపాటయే యని నా దృఢవిశ్వాసము.

1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా చౌటపల్లిలో, తరంగములు పాడు సూరయ్యగారికి కుమారుడై పుట్టి, బాల్యముననే తండ్రిని గోల్పోయి, విజయనగరము చేరి, మధుకరమెత్తుకొని కడుపు నింపుకొనుచు పట్రాయని సీతారామశాస్త్రిగారికడ సంగీతము నభ్యసించి, 1942 ఉద్యమమున చెఱసాలకును పోయివచ్చి, తుదకు సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహముతో మదరాసు చేరిన యా యువకునకు దొరకిన వృత్తి విచిత్రమైనది. పాడునది తాను, జనుల కన్నులలో నిలుచునది వేఱొకని మొగము.

కర్మసిద్ధికి అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధచేష్టలు, దైవము అని ఐదు కారణములను గీత పదునెనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. ఇట్లుండగా తానొక్కడే కర్తనని తలచువాడు సరిగా చూడనివాడని హెచ్చరించుచున్నది. ఈ విచారము సినిమాపాటకు కుదిరినంతగా మఱి యే కళకును కుదరదేమో! దేహము నటునిది, గొంతు గాయకునిది, పదము కవిది, కరణములు వాద్యబృందమువి. వినువాని కంట నీరు వీరిలో నెవరివలన వచ్చినదో విడదీసి చెప్పగలవారెవరు? 'మాయాబజార్' (1957)లోని నౌకావిహారపు పాటలో ఆ ఒక్క గొంతే నాగేశ్వరరావుగారి పెదవులపై అభిమన్యుడై, పిదప రామారావుగారి పెదవులపై శ్రీకృష్ణుడగును. అహంకారికి ఇట్టి వృత్తి నిత్యపరాభవము. మఱియొకరి సుఖదుఃఖములకు కంఠమిచ్చి, పాట ముగియగానే దానిని వారికే విడిచిపెట్టుట యెఱిగినవానికి మాత్రము, కర్తృత్వత్యాగమను మాట గ్రంథములలో వెదకుకొనవలసినది కాదు.

అంత్యకాలమున ఆయన రికార్డుకై పాడిన భగవద్గీతలో నటుడు లేడు, తెర లేదు. అర్జునుని సంశయమును, దానికి భగవానుని సమాధానమును ఆ గొంతే పలుకును. శ్లోకము రాగమున సాగి, వెంటనే తెలుగున తాత్పర్యము వచనముగా వచ్చును. 1974 ఫిబ్రవరి 11న ఆయన గతించిరి. రికార్డు జనులను చేరినది ఆ పిమ్మటనే. ఫలమును ఆయన చూడలేదు.

ఇక చేవెళ్ల ప్రాంతపు పల్లెలలో, షాబాదులో, ఆ గొంతు మైకునుండి వినవచ్చినచో, వాకిట అలుకు చల్లుచున్న యిల్లాలు చేయి నిలిపి "ఎవరు పోయిండ్రు?" అని యడుగును. వైకుంఠరథమునకు ముందు నడచునది ఆ గీతయే గదా! దుఃఖితులకు అది యిచ్చు ఊఱటను నేను కాదనను. అయినను దానిని శవయాత్రకే విడిచిపెట్టుట నాకు మనఃక్లేశము గలిగించుచున్నది. గీత చెప్పబడినది మృతునికి కాదు. చేయవలసిన పని యెదుట నిలిచియుండగా విల్లు జారవిడిచి కూలబడిన జీవునికి. మృగశిర కార్తెలో తొలకరి పడి, వాన నిలుచునో లేదో, ధర వచ్చునో రాదో తెలియకయే పత్తిగింజలు తీసికొని చేనికి బయలుదేరు రైతునకు అది వినిపింపవలెను. ఆ ఇంట నెవరు పోయిరని యెవ్వరును అడుగకుండవలెను.