అంగట్లో ఆకలి లెక్క

“అంగట్లో అన్నీ వున్నాయి, అల్లుడి నోట్లో శని వుంది” అని మనవాళ్లొక సామెత చెబుతారు. కొనలేనివాడి దుస్థితిని గ్రహచారానికి అంటగట్టే యీ మాట నాకెప్పుడూ పంటికింద రాయిలా తగులుతూనే వుంది. కాలేజీలో ధరల సిద్ధాంతం చదివాక ఆ శని యెవరో కొంత తెలిసింది.

ఆ సిద్ధాంతాన్ని బూర్జువా బూటకమని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించను. విలువను నిర్ణయించేది ఉపయోగమా, ఉత్పత్తి వ్యయమా అని అడగడం, కాగితాన్ని కోసింది కత్తెర పై రేకా, కింది రేకా అని అడగడం వంటిదన్నాడు మార్షల్ 1890లో. ఇందులో నిజముంది. 1942లో బెంగాల్ ప్రభుత్వం బియ్యానికి గరిష్ఠధర కట్టింది; ఆ ధరకు అందరికీ పంచే ఏర్పాటు మాత్రం చేయలేదు. బియ్యం బజారులోంచి మాయమైంది. ఉత్తర్వులు గింజలు కావు గదా!

కాని ఆ శాస్త్రంలో గిరాకీ అంటే అవసరం కాదు. డబ్బు చేతబట్టుకుని నిలుచున్న అవసరం. 1943 మార్చిలో ఆ నియంత్రణ ఎత్తివేశారు. 1942 డిసెంబరులో కలకత్తాలో మణుగు పదమూడు, పద్నాలుగు రూపాయలున్న బియ్యం 1943 ఆగస్టుకు 37 రూపాయలైంది. ఆ యేటి సరఫరా అంతకు ముందు అయిదేళ్ల సగటుకన్నా సుమారు 5 శాతమే తక్కువని అమర్త్య సేన్ 1981లో లెక్కకట్టాడు. ఆ అంకెమీద వాదాలున్నాయి. యుద్ధవ్యయం ధరను యెగదోసిందనీ, పల్లె కూలి దాన్ని అందుకోలేకపోయిందనీ ఆయన చూపిన సంగతి మాత్రం కాదనరానిది. కూలీలూ, జాలర్లూ లక్షలుగా రాలిపోయారు. చేతిలో కాసులేని ఆకలి గిరాకీ రేఖను వెంట్రుకవాసి కూడా కదల్చలేదు.

“ధరకు నీతి వుండదోయ్, అది వార్తలు మోసే బంట్రోతు” అంటాడు అర్థశాస్త్రం బోధించే నా మిత్రుడొకడు. నిజమే. కాని ఆ బంట్రోతు డబ్బిచ్చినవాడి వార్తే మోస్తాడు. అతను తేని వార్త లోకంలో లేనట్టేనా?

ఇతరులను దూషించి తప్పుకోవడం నాకు చేతకాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే ధర పెరుగుతుందని నేను రెండు బస్తాల బియ్యం అదనంగా కొన్నాను. సిద్ధాంతం ప్రకారం అది వివేకం. ఆ సాయంత్రం మా యింట పనిచేసే ఆమె అదే కొట్టునుంచి ఖాళీ సంచితో తిరిగివచ్చింది. “బియ్యం అయిపోయాయంటండీ, అయ్యగారూ” అంది. ఒక బస్తా ఆమెకిచ్చాను. దానితో లెక్క సరిపోయిందని యిప్పటికీ అనుకోను. నాకు జాలి కలగకపోతే ఆమె ఏమి తినాలి? ఒకరి తిండి మరొకరి జాలిమీద ఆధారపడరాదనే గదా రేషను దుకాణం కోసం మనం పోరాడేది!

ధరల సిద్ధాంతం మనం చదవాలి. అది లెక్కించే మనుషులనే గాక, లెక్కలోకి రానివాళ్లను కూడా గుర్తుపట్టడానికి చదవాలి. సామెతలోని శని గ్రహం కాదు. ఆ రోజు ఆ కొట్లో ఆమెకన్నా ముందు నిలుచున్నవాణ్ణి నేనే.