ఆప్తవాక్యము

నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములను నాల్గింటిని అంగీకరించిరి. వీనిలో శబ్దము, అనగా విశ్వసింపదగినవాని మాట, తనంతట తాను ప్రమాణముగా నిలువగలదా యను సందేహము మిక్కిలి ప్రాచీనము. వైశేషికులు దానిని అనుమానముననే చేర్చిరి. నైయాయికుల పక్షము నాకు స్పష్టముగా బోధపడునది పాత కంప్యూటరులో విండోస్ ఎక్స్‌పీని మరల ఎక్కించునప్పుడు.

2001లో వెలువడి, 2014 ఏప్రిల్ 8తో నిర్మాతల పోషణ ముగిసిన ఆ వ్యవస్థను, దానికంటె తరువాత పుట్టిన మదర్‌బోర్డుపై ఎక్కించి డివైస్ మేనేజరును తెరచినచో, పసుపుపచ్చని ప్రశ్నార్థకముతో 'ఈథర్నెట్ కంట్రోలర్' అను పేరొకటి కానవచ్చును. డీటెయిల్స్ పుటలో వెండర్ 10ఈసీ, డివైస్ 8168 అను సంఖ్యలుండును. వస్తువు కలదు, దాని జాతి తెలిసినది, గుర్తులును ఎదుటనే యున్నవి, అయినను దానితో ఎట్లు వ్యవహరింపవలెనో యంత్రమెరుగదు. అది రియల్‌టెక్ వారి నెట్‌వర్క్ చిప్పు. ఈ సంఖ్య గల పరికరమునకు ఈ డ్రైవరని చెప్పు ఐఎన్ఎఫ్ ఫైలు లభించువరకు ప్రశ్నార్థకము తొలగదు. గవయమను అడవిమృగము ఆవును పోలియుండునని అడవివాడు ముందుగా చెప్పియుండనిచో, అరణ్యమున అది ఎదురుపడినను నగరవాసి దానిని పోల్చుకొనలేడు గదా! మరియు నిక్కడ వేరొక చిక్కు కలదు: డ్రైవరును దించుకొనుటకు నెట్ కావలెను, నెట్ వచ్చుటకు ఆ డ్రైవరే కావలెను. తార్కికులు అన్యోన్యాశ్రయమని దోషముగా నెంచినది ఇదియే. ఎంత యోచించినను దీనికి లోపలినుండి విడుదల లేదు. వేరొక యంత్రమున దించి, పెన్‌డ్రైవులో బయటినుండి తేవలసినదే. శబ్దప్రామాణ్యమునకు నాకింతకంటె బలమైన యుక్తి కనబడదు.

అయితే ఎవరి శబ్దము? డ్రైవరు కెర్నెలులో ప్రవేశించి నడచును గనుక, అది దోషయుక్తమైనచో యంత్రమంతయు నీలితెరతో కూలును. కావుననే విండోస్ లోగో పరీక్షలో నెగ్గని డ్రైవరును ఎక్కింపబోవునపుడు ఎక్స్‌పీ హెచ్చరించి, అయినను కొనసాగింతువా యని అడుగును. కాని పాత పరికరముల విషయమున, నిర్మాతలు తమ సైట్లనుండి తొలగించినదానిని ఊరుపేరు తెలియని యొకడు భద్రపరచి యిచ్చిన ప్రతియే దిక్కగుటయు కలదు. అతడు ఆప్తుడగునా? ఆప్తలక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమేయని న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు నిర్ణయించెను. వస్తువును సాక్షాత్తుగా నెరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పగోరువాడు ఆప్తుడు. ఈ నిర్ణయము నాకు మిక్కిలి ఉదారముగను, అంతే కఠినముగను తోచును. అజ్ఞాతుడని అతనిని త్రోసిపుచ్చుటకు వీలులేదు. అట్లని కన్నులు మూసికొని నమ్మరాదు. అతడిచ్చిన ఐఎన్ఎఫ్ ఫైలును నోట్‌ప్యాడులో తెరచి, అందు 10ఈసీ, 8168 అను పంక్తి కలదో లేదో వెదకవలెను. ఉన్నంతమాత్రమున డ్రైవరు నిర్దుష్టమని చెప్పరాదు. లేనిచో మాత్రము ముందునకు పోవలసిన పనియే లేదు.